తల్లి రక్తంలో కణమరణ సూచికలు: ఎదుగుదల మందగించిన గర్భాల్లో కొలిచే పద్ధతి

ఈ వ్యాసం ప్రసూతి విభాగంలోనో బయోకెమిస్ట్రీలోనో పీజీ చేస్తూ, గర్భస్థ శిశువు ఎదుగుదల మందగించడాన్ని థీసిస్ అంశంగా తీసుకున్నవారి కోసం. వారు పంపే నమూనాలను అందుకునే ల్యాబ్ టెక్నీషియన్ల కోసం కూడా. వార్డుల్లో ఈ పరిస్థితిని ఇప్పుడు ఎఫ్‌జీఆర్ అంటున్నారు, పాత కేసు షీట్లలో ఐయూజీఆర్ అని కనిపిస్తుంది.

గర్భం మొదటి సగంలో గర్భాశయ గోడలోని సన్నని ధమనులు వెడల్పై, మాయకు రక్తం నెమ్మదిగా, ధారాళంగా చేరాలి. ఆ మార్పు సరిగా జరగకపోతే మాయకు అందే రక్తం ఒడుదుడుకులకు లోనవుతుంది. ఆక్సిజన్ ఒకసారి తగ్గి, మళ్లీ ఒక్కసారిగా పెరగడంతో మాయ పైపొర అయిన ట్రోఫోబ్లాస్ట్ దెబ్బతింటుంది. ఆ పొర నేరుగా తల్లి రక్తంలో మునిగి ఉంటుంది కాబట్టి, అక్కడ చనిపోయిన కణాల శకలాలు తల్లి రక్తంలోకే చేరతాయి. ఎఫ్‌జీఆర్ మాయల్లో అపోప్టోసిస్, అంటే కణం తనంతట తాను క్రమపద్ధతిలో చనిపోవడం, ఎక్కువగా ఉంటుందని 1990లలోనే మాయ కణజాలం మీద జరిగిన పరిశీలనలు చూపాయి. మాయను ముట్టుకోకుండా, తల్లి చేతి నుంచి తీసిన రక్తంలోనే ఆ నష్టాన్ని కొలవగలమా అన్నది మీ ముందున్న ప్రశ్న.

కిట్ తెచ్చి, ప్లేటు (చిన్న గుంటలున్న పరీక్ష పళ్లెం) నింపి, అంకె రాబట్టడం ఒక రోజు పని. ఆ అంకె ఎవరి కణాలదో నిరూపించడమే అసలు థీసిస్. కింద చెప్పే ప్రతి అడుగూ దానికోసమే.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"ఎఫ్‌జీఆర్‌లో కణమరణ సూచికలు పెరుగుతాయా?" అని రాసుకుంటే ఏ ఫలితం వచ్చినా ఏదో ఒక అర్థం చెప్పుకోవచ్చు. అలాంటి ప్రశ్న వద్దు. ఇలా రాయండి: "రక్తపోటు సమస్య లేని, 32 వారాలలోపు గుర్తించిన ఎఫ్‌జీఆర్ గర్భాల్లో తల్లి ప్లాస్మాలోని ఎం30 స్థాయి, అదే వారాల్లో ఉన్న సాధారణ గర్భాల కంటే ఎక్కువగా ఉందా?" ఎవరిలో, ఎప్పుడు, దేనిని, ఎవరితో పోల్చి అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. (ఎం30 అంటే అపోప్టోసిస్‌లో తెగిన ఒక ప్రొటీన్ ముక్కను కొలిచే సూచిక, వివరం 4వ అడుగులో.) ప్రధాన సూచిక ఒక్కటే ఉండాలి. ఆరు సూచికలు కొలిచి, వాటిలో తేడా కనిపించిన ఒక్కదాన్ని పట్టుకుని ముగింపు రాసే అలవాటు వల్లే ఈ రంగంలో ఒక పత్రం ఔనన్నది ఇంకో పత్రం కాదంటోంది.

2. చిన్న బిడ్డను, ఎదుగుదల ఆగిన బిడ్డను వేరు చేయండి

బరువు అంచనా 10వ పర్సెంటైల్ కంటే తక్కువ ఉన్న, అంటే అదే వారాల వందమంది బిడ్డల్లో చివరి పదిమందిలో పడే, ప్రతి బిడ్డకూ మాయ లోపం ఉండదు. పొట్టి, సన్నని తల్లికి ఆరోగ్యంగానే ఉన్న చిన్న బిడ్డ పుట్టడం మన దగ్గర సర్వసాధారణం. ఆ గర్భాలన్నిటినీ కేసుల్లో కలిపేస్తే నిజంగా ఉన్న తేడా కూడా వాటిలో కరిగిపోతుంది.

2016లో అంతర్జాతీయ నిపుణులు డెల్ఫీ పద్ధతిలో (విడతలవారీగా అభిప్రాయాలు సేకరించి) ఏకాభిప్రాయానికి వచ్చి ఇచ్చిన నిర్వచనాన్ని వాడండి. పుట్టుకతో వచ్చే అవయవ లోపాలు లేని బిడ్డలకే ఇది వర్తిస్తుంది. 32 వారాలలోపు అయితే బిడ్డ పొట్ట చుట్టుకొలతో, బరువు అంచనానో 3వ పర్సెంటైల్ కంటే తక్కువ ఉండాలి, లేదా బొడ్డుతాడు ధమనిలో డయాస్టోల్ (గుండె సడలే దశ) చివరి ప్రవాహం పూర్తిగా లేకపోవాలి. ఇవేవీ లేకపోతే, 10వ పర్సెంటైల్ కంటే తక్కువ కొలతతో పాటు గర్భాశయ ధమనిలోనో బొడ్డుతాడు ధమనిలోనో పల్సటైలిటీ ఇండెక్స్ (రక్తప్రవాహానికి ఎదురయ్యే అడ్డును సూచించే డాప్లర్ స్కాన్ అంకె) 95వ పర్సెంటైల్ దాటి ఉండాలి. 32 వారాల తర్వాత నిర్వచనం కొంత మారుతుంది: 3వ పర్సెంటైల్ కంటే తక్కువ కొలత ఒక్కటే చాలు. లేదంటే 10వ పర్సెంటైల్ కంటే తక్కువ కొలత, ఎదుగుదల రేఖ రెండు క్వార్టైల్స్‌కు మించి కిందికి జారడం, డాప్లర్‌లో తేడా అనే మూడింటిలో రెండు ఉండాలి. ముందుగా వచ్చేదీ, ఆలస్యంగా వచ్చేదీ ఒకే జబ్బులా ప్రవర్తించవు. రెండింటినీ ఒకే పట్టికలో కలపకండి.

వీటన్నిటికీ పునాది గర్భం వయసు. చివరి నెలసరి తేదీ సరిగా గుర్తులేని గర్భిణులు మన ఓపీల్లో చాలామంది ఉంటారు. మొదటి మూడు నెలల స్కాన్‌లో తల నుంచి పిరుదుల వరకు కొలిచిన పొడవుతో వారాలు నిర్ధారించినవారినే తీసుకోండి. ఆ స్కాన్ లేకపోతే, ఎంత ఆసక్తికరమైన కేసైనా వదిలేయండి. నాలుగు వారాలు తప్పు లెక్కపెట్టిన ఆరోగ్యవంతమైన గర్భం మీ దగ్గర తీవ్రమైన ఎఫ్‌జీఆర్‌గా నమోదవుతుంది. ఎదుగుదల పట్టికల్లో ఏది వాడారో కూడా రాయండి. ఇంటర్‌గ్రోత్-21 పట్టికలకు సమాచారం ఇచ్చిన ఎనిమిది కేంద్రాల్లో నాగపూర్ ఒకటి. మీ విభాగంలో వేరే పట్టిక వాడుకలో ఉంటే అదే వాడండి, కానీ మధ్యలో మార్చకండి.

3. పోల్చడానికి ఎవరు?

ముందుగా ప్రారంభమయ్యే ఎఫ్‌జీఆర్ తరచుగా ప్రీఎక్లాంప్సియాతో, అంటే గర్భంలో రక్తపోటు పెరిగి అవయవాలు దెబ్బతినే స్థితితో, కలిసి వస్తుంది. ప్రీఎక్లాంప్సియాలో తల్లి రక్తంలోని పిండ డీఎన్‌ఏ పెరుగుతుందని 1999లోనే తెలిసింది. కాబట్టి రక్తపోటు ఉన్నవారినీ లేనివారినీ కలిపి కేసులుగా పెట్టి, ఆరోగ్యవంతులతో పోలిస్తే మీకు కనిపించే తేడా ఎదుగుదలదో రక్తపోటుదో చెప్పలేరు. వీలైతే నాలుగు గుంపులు పెట్టండి: ఎఫ్‌జీఆర్ మాత్రమే, ఎఫ్‌జీఆర్‌తో ప్రీఎక్లాంప్సియా, ప్రీఎక్లాంప్సియా మాత్రమే, రెండూ లేనివారు. థీసిస్ గడువులో అది కుదరకపోతే మొదటిదీ చివరిదీ చాలు. నా దృష్టిలో వీటికంటే విలువైన గుంపు ఇంకొకటి ఉంది: డాప్లర్ బాగుండి, బిడ్డ మాత్రం చిన్నగా ఉన్న గర్భాలు. ఎం30 వీరిలో మామూలుగా ఉండి, నిజమైన ఎఫ్‌జీఆర్‌లో పెరిగితే అది చెప్పుకోదగ్గ ఫలితం.

ప్రతి కేసుకూ వారం తేడా మించని కంట్రోల్ దొరకాలి. తల్లి రక్తంలో పిండ డీఎన్‌ఏ గర్భం పెరిగేకొద్దీ పెరుగుతుంది, నెలలు నిండే సమయంలో ఇంకా వేగంగా పెరుగుతుంది. 29 వారాల కేసును 37 వారాల కంట్రోల్‌తో పోలిస్తే ఉన్న తేడా మాయమవుతుంది, ఒక్కోసారి తలకిందులూ అవుతుంది. నొప్పులు మొదలైనవారి రక్తం తీసుకోవద్దు. కవలలు, క్రోమోజోమ్ లోపాలు, సీఎంవీ (సైటోమెగలోవైరస్) వంటి గర్భస్థ ఇన్ఫెక్షన్లు ఉన్నవారిని మొదటే తప్పించండి.

ఎంతమంది కావాలి? 80 శాతం శక్తితో (నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం స్థాయిలో అర ప్రామాణిక విచలనం అంత తేడా పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది అవసరం. థీసిస్‌లలో మామూలుగా కనిపించే "గుంపుకు 30" అన్న సంఖ్యతో 0.7 ప్రామాణిక విచలనానికి అటూఇటూగా ఉన్న పెద్ద తేడాలే బయటపడతాయి. 30 మందితో తేడా కనిపించకపోతే "తేడా లేదు" అని రాసే హక్కు మీకు రాదు.

4. సూచికను ఎంచుకోండి

ఇక్కడ తొందరపడకండి. రక్తంలో తేలే శకలాలన్నీ మాయవి కావు. తల్లి ఒంట్లో రోజూ కోట్లాది కణాలు చనిపోతుంటాయి, వాటి డీఎన్‌ఏ కూడా అదే ప్లాస్మాలో ఉంటుంది. పెరట్లో రాలిన ఆకులన్నీ ఊడ్చి తూకం వేస్తే ఎంత రాలిందో తెలుస్తుంది గానీ ఏ చెట్టు ఎండుతోందో తెలియదు. మొత్తం డీఎన్‌ఏ, న్యూక్లియోసోమ్‌లు (ప్రొటీన్ చుట్టూ చుట్టుకున్న డీఎన్‌ఏ ముక్కలు), ఎల్‌డీహెచ్ (కణాలు పగిలితే బయటపడే ఎంజైము) అలాంటి తూకాలు. తెల్ల రక్తకణాలు చితికినా న్యూక్లియోసోమ్‌లు పెరుగుతాయి, ఎర్ర రక్తకణాలు పగిలినా ఎల్‌డీహెచ్ పెరుగుతుంది. వీటిని తోడుగా కొలవండి, ప్రధాన సూచికగా పెట్టకండి.

నేను ముందు సూచించేది సైటోకెరాటిన్ 18. ఇది ఎపిథీలియల్ కణాల లోపలి పోగుల్లో ఉండే ప్రొటీన్. ట్రోఫోబ్లాస్ట్‌లో పుష్కలంగా ఉంటుంది, రక్తకణాల్లో ఉండదు. అపోప్టోసిస్ సమయంలో కాస్పేజ్ ఎంజైములు దీన్ని 396వ ఆస్పార్టేట్ దగ్గర కత్తిరిస్తాయి. అప్పుడు బయటపడే కొత్త అంచును ఎం30 అనే యాంటీబాడీ గుర్తిస్తుంది. కత్తిరింపు జరగని ప్రొటీన్‌ను అది పట్టుకోదు. ఎం65 ఎలైసా (యాంటీబాడీలతో కొలిచే పరీక్ష) మాత్రం కత్తిరించినదీ కత్తిరించనిదీ కలిపి మొత్తం సైటోకెరాటిన్ 18ను కొలుస్తుంది. రెండూ పెరిగితే అపోప్టోసిస్ వైపు, ఎం65 ఒక్కటే బాగా పెరిగితే నెక్రోసిస్ వైపు చూపు తిప్పాలి. కణం క్రమంగా చనిపోయిందా, పగిలి చనిపోయిందా అన్న ప్రశ్నకు ఒకే నమూనాలో ఇంత సూటిగా సమాధానం ఇచ్చే జంట అరుదు. ఎం30ను ఎం65తో భాగించిన నిష్పత్తిని ఒక సూచనగా చూడండి, కచ్చితమైన శాతంగా కాదు.

దీని లోపం కాలేయం. కాలేయ కణాల్లోనూ ఇదే ప్రొటీన్ ఉంది. కామెర్లు, ఫ్యాటీ లివర్, గర్భంలో వచ్చే దురదతో కూడిన కొలెస్టాసిస్ (పైత్యరసం నిలిచిపోవడం), హెల్ప్ సిండ్రోమ్ (ఎర్రకణాలు పగిలి, కాలేయం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు తగ్గే స్థితి) ఉంటే ఎం30 పెరుగుతుంది, మాయకు సంబంధం లేకుండానే. అందుకే ప్రతి నమూనాతో పాటు ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైములు చూడండి, హెపటైటిస్ బి ఫలితం రాయండి, దురద ఉందా అని అడిగి పైత్య ఆమ్లాలు పరీక్షించండి. కాలేయ పరీక్షల ఊసు లేకుండా ఎం30 మీద రాసిన థీసిస్‌ను పరీక్షకుడు మొదట అడిగేది ఇదే, అడగాలి కూడా.

రెండో దారి మాయ నుంచి వచ్చే డీఎన్‌ఏ. తల్లి ప్లాస్మాలో పిండ డీఎన్‌ఏ ఉందని డెన్నిస్ లో బృందం 1997లో చూపింది. మనం పిండ డీఎన్‌ఏ అంటున్నది ప్రధానంగా ట్రోఫోబ్లాస్ట్ నుంచే వస్తుంది. ప్రసవం తర్వాత అది తల్లి రక్తం నుంచి నిమిషాల అర్ధాయువుతో తొలగిపోతుంది, అంటే మీరు కొలిచేది ఆ రోజు జరుగుతున్న నష్టం. తొలి అధ్యయనాలు వై క్రోమోజోమ్ మీది జన్యువులను కొలిచాయి, అందుకని మగబిడ్డలను మోస్తున్నవారినే తీసుకున్నాయి. ఆ పద్ధతిని మన దేశంలో అనుకరించకండి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం అమలులో ఉన్న చోట, వై క్రోమోజోమ్ మీది ఎస్‌ఆర్‌వై గానీ డీవైఎస్14 గానీ కొలిచిన ప్రతి కాగితం బిడ్డ ఆడో మగో చెప్పేస్తుంది. ఆ కాగితం పుట్టడమే వద్దు. బదులుగా ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ జన్యువును ఎంచుకోండి. మాయలో దాని ప్రమోటర్ (జన్యువును నడిపించే) భాగం బాగా మిథైలేట్ అయి, అంటే మిథైల్ గుర్తులు పడి, ఉంటుంది, తల్లి రక్తకణాల్లో అలా ఉండదు. మిథైలేషన్‌కు స్పందించే ఎంజైముతో కోస్తే తల్లి డీఎన్‌ఏ తెగిపోతుంది, మాయది మిగులుతుంది. కోత పూర్తయిందని నిర్ధారించడానికి బీటా ఆక్టిన్ జన్యువును పక్కనే నడపండి. ఇది ఆడబిడ్డకూ మగబిడ్డకూ ఒకేలా పనిచేస్తుంది.

5. అనుమతులు, అంగీకారం

ఎథిక్స్ కమిటీ అనుమతి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమాచార పత్రం, అంగీకార పత్రం తప్పనిసరి. పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి. పరిశీలన అధ్యయనాలను కూడా మన క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు చేయవచ్చు, ప్రధాన సూచికను అక్కడే ముందుగా ప్రకటించండి. అంగీకారం అడిగే సమయం గురించి ఒక మాట: స్కాన్ గదిలో "బిడ్డ ఎదగడం లేదు" అని విని బయటికి వచ్చిన ఐదు నిమిషాల్లో ఫారం చేతికివ్వకండి. ఆమెతో వచ్చిన అమ్మ, భర్త ముందు ఆ వార్తను అర్థం చేసుకోనివ్వండి. చికిత్స గురించిన ప్రశ్నలన్నీ అయ్యాక పరిశోధన మాట ఎత్తండి. రక్తహీనత ఎక్కువగా ఉండే మన గర్భిణులకు ఇంకో సూదిపోటు లేకుండా, మామూలు పరీక్షల రక్తంతో పాటే తీయండి.

6. రక్తం తీయడం, తిప్పడం, దాచడం

పావుగంట కూర్చోబెట్టండి. గట్టి శారీరక శ్రమ రక్తంలోని డీఎన్‌ఏను పెంచుతుంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు ముందే రక్తం తీయండి. కుదరకపోతే ఇంజెక్షన్ వేసిన గంట రాసుకోండి. చికిత్సను మాత్రం మీ నమూనా కోసం ఒక్క నిమిషం కూడా ఆపకూడదు.

డీఎన్‌ఏ కోసం ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) గొట్టం వాడండి. హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్‌ఏను పెంచి కొలిచే ప్రక్రియను) అడ్డుకుంటుంది. సీరంలో గడ్డ కట్టేటప్పుడు తల్లి తెల్లకణాల డీఎన్‌ఏ విడుదలై మాయ వాటాను పలుచన చేస్తుంది. గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేయండి, కుదపకండి, ఫ్రీజర్‌లో పెట్టకండి. నాలుగు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల్లోపు ప్లాస్మా వేరుచేయాలి. ఎం30కి సీరమైనా ప్లాస్మా అయినా పనికొస్తుంది, కానీ కేసులకు ఒకటి, కంట్రోళ్లకు ఒకటి కాకూడదు.

సెంట్రిఫ్యూజ్‌లో మొదటిసారి 1600 జీ (గురుత్వాకర్షణకు 1600 రెట్లు) బలంతో 10 నిమిషాలు, పైతేటను తీసి రెండోసారి 16000 జీ వద్ద 10 నిమిషాలు తిప్పండి. తెల్లకణాల పొరకు అర సెంటీమీటరు పైనే పిపెట్ ఆపండి, ఆశపడి చివరి చుక్క వరకు తీయొద్దు. జీ విలువను ఆర్‌పీఎంగా మార్చేటప్పుడు మీ రోటర్ వ్యాసార్ధం కొలవండి. 16 సెంటీమీటర్ల రోటర్‌లో 1600 జీ అంటే సుమారు 3000 ఆర్‌పీఎం, 10 సెంటీమీటర్లదాంట్లో సుమారు 3800. థీసిస్‌లో "3000 ఆర్‌పీఎం" అని మాత్రమే రాస్తే ఇంకో ల్యాబ్ దాన్ని మళ్లీ చేయలేదు.

ఎర్రగా మారిన ప్లాస్మాను పక్కన పెట్టండి. కంటికి కనిపించని హీమోలిసిస్‌ను (ఎర్రకణాలు పగలడాన్ని) 414 నానోమీటర్ల దగ్గర చూడవచ్చు. మన్యం, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి వచ్చే గర్భిణుల్లో సికిల్ సెల్ ఉందేమో తెలుసుకోండి. ఆ జబ్బులో ఎల్‌డీహెచ్, డీఎన్‌ఏ రెండూ మాయతో నిమిత్తం లేకుండానే పెరగగలవు.

చిన్న చిన్న భాగాలుగా చేసి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచండి. ఒక్కో భాగాన్ని ఒక్కసారే కరిగించాలి. లేబుల్ మీద పేరు వద్దు, కోడ్ చాలు.

7. ప్లేటు నడపడం

కేసులూ కంట్రోళ్లూ ప్రతి ప్లేటులో కలిసి ఉండాలి. మొదటి ప్లేటంతా కేసులు, రెండోదంతా కంట్రోళ్లు అయితే ప్లేట్ల మధ్య తేడానే మీ ఫలితమవుతుంది. ప్లేటు నింపేవారికి ఏది ఏ గుంపుదో తెలియకూడదు. ప్రతి నమూనాను జంటగా వేయండి, రెండు రీడింగుల మధ్య తేడా 15 శాతం దాటితే మళ్లీ చేయండి. ఒకే ప్లాస్మా మిశ్రమాన్ని అన్ని ప్లేట్లలోనూ పెడితే ప్లేట్ల మధ్య ఒడుదుడుకులు బయటపడతాయి.

8. మాయను వదలకండి

రక్తంలో అంకె పెరిగింది, అది మాయదే అనడానికి ఉన్న బలమైన సాక్ష్యం ప్రసవమయ్యాక మీ చేతికే వస్తుంది. అయినా చాలా థీసిస్‌లలో మాయ చెత్తబుట్టకే పోతుంది. లేబర్ రూమ్ సిస్టర్లతో ముందే మాట్లాడుకోండి, రాత్రి ప్రసవాలకు ఎవరు వస్తారో డ్యూటీ వేసుకోండి. పొరలు, బొడ్డుతాడు తీసేసి బరువు తూచండి. మాయ పరీక్షపై పాథాలజిస్టుల ఆమ్‌స్టర్‌డామ్ ఏకాభిప్రాయం ప్రకారం కనీసం నాలుగు బ్లాకులు కావాలి: పొరల చుట్ట, బొడ్డుతాడు రెండు అడ్డకోతలు కలిపి ఒకటి, మామూలుగా కనిపించే మాయ భాగం పూర్తి మందంలో మూడు. 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో ఆలస్యం లేకుండా వేయండి. పాథాలజీలో ఎం30తోనే కణజాలానికి రంగు వేయించగలిగితే, తల్లి రక్తంలోని అంకె పక్కన ఆ మాయలోనే లెక్కపెట్టిన కణాల సంఖ్య ఉంటుంది. ప్రసవం ఎలా జరిగిందో, నొప్పులు ఎంతసేపు పడ్డారో రాయండి, నొప్పులు కూడా మాయను ఒత్తిడికి గురిచేస్తాయి.

9. లెక్కలు

ఈ సూచికల విలువలు ఒకవైపుకు సాగి ఉంటాయి. సగటు బదులు మధ్యగతం, క్వార్టైల్ పరిధి ఇవ్వండి. లాగ్‌గా మార్చి, గర్భం వారాలు, తల్లి బరువు, ప్రీఎక్లాంప్సియా, ఏఎల్‌టీలను రిగ్రెషన్‌లో చేర్చండి. తల్లి బరువు పెరిగేకొద్దీ పిండ డీఎన్‌ఏ వాటా తగ్గుతుంది కాబట్టి అది తప్పక ఉండాలి. వారాలు అడ్డంగా, విలువ నిలువుగా పెట్టి ప్రతి గర్భాన్నీ ఒక చుక్కగా చూపే చిత్రం ఒకటి వేయండి. పట్టికలు దాచేవి అందులో బయటపడతాయి.

ఆర్‌ఓసీ వక్రం (ఒక కటాఫ్ జబ్బును ఎంత బాగా వేరుచేస్తుందో చూపే గీత) గీసి "ఈ విలువ దాటితే ఎఫ్‌జీఆర్" అని ప్రకటించడానికి తొందరపడొద్దు. పెద్దాసుపత్రికి రిఫర్ అయి వచ్చినవారిలో జబ్బు వాటా ఎక్కువ. అక్కడ బాగున్న కటాఫ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తప్పుడు భయాలు పుట్టిస్తుంది.

10. తల్లి అడిగితే ఏమి చెప్పాలి

"నా రక్తంలో ఏమి వచ్చింది డాక్టరుగారూ?" అని ఆమె అడుగుతుంది. అడగడం ఆమె హక్కు. కానీ ఏ కణమరణ సూచిక ఆధారంగానూ ప్రసవం ఎప్పుడు చేయాలో నిర్ణయించే స్థితి ఇంకా రాలేదు. ఆ నిర్ణయం డాప్లర్, గుండె చప్పుడు రికార్డింగ్, తల్లి రక్తపోటు ఆధారంగా జరుగుతుంది. ఐరోపాలో జరిగిన ట్రఫుల్ అధ్యయనం 26 నుంచి 32 వారాల గర్భాల్లో డక్టస్ వీనోసస్ (బిడ్డలోని ఒక సిర) ప్రవాహాన్నీ గుండె చప్పుడు మార్పులనూ పరీక్షించింది. అలాంటి పరీక్ష ఎం30కి జరగలేదు. మాయకు రక్తం పెంచుతుందన్న నమ్మకంతో ఎఫ్‌జీఆర్‌లో సిల్డెనాఫిల్ (రక్తనాళాలను వెడల్పు చేసే మందు) ఇచ్చిన స్ట్రైడర్ అధ్యయనాల్లో, నెదర్లాండ్స్ భాగాన్ని 2018లో నవజాత శిశువుల మరణాల వల్ల ఆపేయాల్సి వచ్చింది. సిద్ధాంతం ఎంత సబబుగా తోచినా, రుజువు లేకుండా పడక దగ్గరికి తేకూడదు.

ఆమెకు ఇలా చెప్పండి: "అమ్మా, మీ రక్తంలో మేము చూస్తున్నది మాయ గురించి మేమింకా నేర్చుకుంటున్న విషయం. మీ బిడ్డ ఎలా ఉందో ఈరోజు చెప్పేది స్కాన్, డాప్లర్, గుండె చప్పుడు. వాటి ఫలితం ఇప్పుడే చెబుతాను. బిడ్డ కదలికలు తగ్గినట్లు అనిపిస్తే రాత్రయినా సరే, వెంటనే రండి." ఎం30 విలువను ఆమె కేసు షీట్‌లో రాయకండి. కోడ్ పుస్తకం తాళంలో ఉండాలి, తాళంచెవి గైడ్ దగ్గర ఉండాలి.